ఒక్క బంధమూ తెగకుండా కుడి ఎడమైతే: కోల్‌కతా రసాయనశాస్త్రం చెప్పిన మెలిక

మధుమేహం ఉన్న ఇళ్లలో మెట్‌ఫార్మిన్ మాత్ర తెలియని వారుండరు. అల్మరాలో, పర్సులో, భోజనం బల్ల మీద ఎక్కడో ఒకచోట ఆ పట్టీ కనిపిస్తుంది. ఈ మందు 'బైగ్వనైడ్' అనే రసాయన కుటుంబానికి చెందినది. రెండు కార్బన్లు, ఐదు నైట్రజన్లు, కొన్ని హైడ్రోజన్లతో కూడిన చిన్న అణువు బైగ్వనైడ్. దానికి రెండు మిథైల్ సమూహాలు తగిలిస్తే మెట్‌ఫార్మిన్ అవుతుంది.

పారిస్‌లో జాన్ స్టెర్న్ అనే వైద్యుడు మెట్‌ఫార్మిన్‌ను మధుమేహ రోగులకు ఇచ్చి ఫలితాలు ప్రచురించింది 1957లో. అప్పటికి చాలా ఏళ్ల ముందే కోల్‌కతాలోని ఒక ప్రయోగశాల ఈ బైగ్వనైడ్‌ను పట్టుకుని కూర్చుంది. అయితే మందు కోసం కాదు. లోహాలను పట్టి ఉంచడంలో బైగ్వనైడ్ చూపే నేర్పే వారికి కావలసింది. ఆ పనిలో ఎదురైన ఒక చిక్కు ప్రశ్నకు 1943లో వారు ఇచ్చిన జవాబు 'రే-దత్ ట్విస్ట్' పేరుతో నేటికీ ప్రపంచమంతటా రసాయనశాస్త్ర పాఠ్యపుస్తకాల్లో ఉంది.

ఆ ప్రశ్న ఇది. కుడిచేతి వాటం ఉన్న ఒక అణువు, తనలోని ఒక్క బంధాన్నీ తెంచుకోకుండా, ఎడమచేతి వాటం అణువుగా మారగలదా?

మైలతుత్తం చెప్పే మొదటి పాఠం

దీన్ని అర్థం చేసుకోవడానికి ముందు మనకు బాగా తెలిసిన పదార్థం దగ్గర మొదలుపెడదాం. రైతులు బోర్డో మిశ్రమంలో వాడే మైలతుత్తాన్ని నీటిలో కరిగిస్తే లేత నీలి ద్రావణం వస్తుంది. కాలేజీ ప్రయోగశాలలో దానికి అమ్మోనియా ద్రావణం చుక్కలు చుక్కలుగా కలిపితే మొదట లేత నీలి అవక్షేపం ఏర్పడుతుంది. ఇంకా కలిపితే అది కరిగిపోయి, ద్రావణం సిరాలాంటి గాఢ నీలంగా మారుతుంది.

ఉన్నది అదే రాగి. మారినవి దాని చుట్టూ చేరిన అణువులు మాత్రమే. నీటి అణువుల స్థానంలో అమ్మోనియా అణువులు వచ్చాయి. ఇలా ఒక లోహ అయాను మధ్యలో ఉండి, దాని చుట్టూ నిర్దిష్టమైన దిశల్లో మరికొన్ని అణువులో అయాన్లో అంటిపెట్టుకుని ఉంటే దాన్ని సంక్లిష్ట సమ్మేళనం అంటారు. చుట్టూ చేరినవి లైగాండ్లు. రాగి, ఇనుము, నికెల్, కోబాల్ట్, క్రోమియం వంటి పరివర్తన లోహాలు ఈ పనిలో ఆరితేరినవి. మన రక్తంలో ఆక్సిజన్‌ను మోసే ఇనుము, విటమిన్ బి12 నడిమధ్య ఉన్న కోబాల్ట్ ఇలాంటి అమరికల్లోనే ఉన్నాయి.

పరివర్తన లోహాల ప్రత్యేకత వాటి 'డి' ఎలక్ట్రాన్లలో ఉంది. ఒంటరి అయానులో ఐదు డి ఆర్బిటాళ్లూ ఒకే శక్తి స్థాయిలో ఉంటాయి. ఆరు లైగాండ్లు ఆరు దిక్కుల నుంచి దగ్గరకు వస్తే ఆ ఐదూ రెండు వర్గాలుగా చీలిపోతాయి. మూడు కింది మెట్టు మీద, రెండు పై మెట్టు మీద. ఈ మెట్ల మధ్య దూరం తరచుగా దృశ్యకాంతి శక్తికి సరిపోతుంది. అందుకే వీటికి ఇన్ని రంగులు. లైగాండ్ మారితే మెట్ల మధ్య దూరం మారుతుంది, దానితో రంగూ మారుతుంది.

లైగాండ్లు లోహం చుట్టూ ఒక క్రమంలో, నిర్దిష్టమైన ఆకృతిలో నిలబడతాయని 1893లో ప్రతిపాదించినవాడు ఆల్‌ఫ్రెడ్ వెర్నర్. జ్యూరిచ్‌లో పనిచేసిన ఈ శాస్త్రవేత్తకు 1913లో నోబెల్ బహుమతి వచ్చింది. ఆరు లైగాండ్లు ఉంటే అవి సాధారణంగా అష్టముఖి ఆరు మూలల్లో ఉంటాయన్నది ఆయన చిత్రం. తూర్పు, పడమర, ఉత్తరం, దక్షిణం, పైన, కింద: ఈ ఆరు దిక్కులూ ఊహించుకుంటే చాలు.

రాజాబజార్ సైన్స్ కాలేజీలో

ఈ రసాయనశాస్త్రం కోల్‌కతాలో వేళ్లూనుకోవడం వెనుక ఆచార్య ప్రఫుల్ల చంద్ర రే ఉన్నారు. ఎడిన్‌బరోలో చదివి వచ్చి 1889లో ప్రెసిడెన్సీ కాలేజీలో చేరిన ఆయన 1896లో మెర్క్యురస్ నైట్రైట్ మీద చేసిన పనితో పేరు తెచ్చుకున్నారు. 1916లో కలకత్తా విశ్వవిద్యాలయపు సైన్స్ కాలేజీకి వచ్చారు. తారక్‌నాథ్ పాలిత్, రాస్‌బిహారీ ఘోష్ అనే ఇద్దరు న్యాయవాదుల విరాళాలతో లేచిన ఈ సంస్థనే జనం రాజాబజార్ సైన్స్ కాలేజీ అంటారు. 1924లో ఇండియన్ కెమికల్ సొసైటీ ఏర్పడినప్పుడు తొలి అధ్యక్షుడూ ఆయనే. పరిశోధనలు అచ్చు వేసుకోవడానికి దేశంలోనే ఒక పత్రిక ఉండాలన్న కోరిక ఆ సొసైటీతో తీరింది.

అదే కాలేజీలో భౌతికశాస్త్ర విభాగంలో దేవేంద్ర మోహన్ బోస్ మరో దారిలో ఇదే లోహాల దగ్గరకు వచ్చారు. ఇంటర్ విద్యార్థులు కంఠస్థం చేసే స్పిన్ ఓన్లీ ఫార్ములా గుర్తుందా? ఒంటరి ఎలక్ట్రాన్ల సంఖ్యను, దానికి రెండు కలిపిన సంఖ్యతో గుణించి వర్గమూలం తీస్తే అయాను అయస్కాంత భ్రామకం బోర్ మాగ్నెటాన్లలో వస్తుంది. ఒక ఒంటరి ఎలక్ట్రాన్ ఉంటే 1.73, రెండుంటే 2.83, ఐదుంటే 5.92. పరివర్తన లోహ అయాన్ల విషయంలో ఎలక్ట్రాన్ కక్ష్యా చలనం లెక్కలోకి రాదని, దాని స్పిన్ ఒక్కటే లెక్కకు వస్తుందని 1920ల చివర్లో చెప్పినవారిలో బోస్ ఒకరు. ఇంగ్లండ్‌లో ఎడ్మండ్ స్టోనర్ కూడా ఇదే దారిలో నడిచారు. అందుకే దీన్ని బోస్-స్టోనర్ సిద్ధాంతం అని కూడా అంటారు. మన పిల్లలు పరీక్షలో రాసే ఆ ఫార్ములా వెనుక ఒక భారతీయుడి పేరు ఉందని ఎంతమందికి తెలుసు?

రసాయన శాస్త్రవేత్తలకు ఇది గొప్ప సాధనం. ఒక సమ్మేళనాన్ని అయస్కాంతం దగ్గర తూచి చూస్తే లోపల ఎన్ని ఒంటరి ఎలక్ట్రాన్లు ఉన్నాయో లెక్క తేలుతుంది. ఆ లెక్క నుంచి లోహం ఏ స్థితిలో ఉందో, చుట్టూ ఆకృతి ఏమిటో ఊహించవచ్చు.

ఈ సాధనాన్ని బాగా ఉపయోగించుకున్నవారు ప్రఫుల్ల చంద్ర రే శిష్యుడైన ప్రియదారంజన్ రే. 1888లో చిట్టగాంగ్ జిల్లాలో పుట్టిన ఆయనను భారతదేశంలో సంక్లిష్ట సమ్మేళనాల రసాయనశాస్త్రానికి ఆద్యులుగా చెబుతారు. ఆయన, ఆయన విద్యార్థులు బైగ్వనైడ్‌ను రాగి, నికెల్, క్రోమియం, కోబాల్ట్ వంటి ఎన్నో లోహాలతో కలిపి చూశారు. రాగితో గులాబి ఎరుపు, నికెల్‌తో పసుపు-నారింజ ఛాయ స్ఫటికాలు వస్తాయి. ఈ పరిశోధనలన్నిటినీ గుదిగుచ్చి ఆయన రాసిన సుదీర్ఘ సమీక్ష 1961లో అమెరికా పత్రిక 'కెమికల్ రివ్యూస్'లో వచ్చింది.

వీటిలో ఒకటి వెండి సమ్మేళనం. వెండి సాధారణంగా ఒక ఎలక్ట్రాన్‌ను మాత్రమే వదులుకుని ప్లస్ 1 స్థితిలో ఉంటుంది. రెండు బైగ్వనైడ్లను జోడించి చేసిన లైగాండ్‌తో పట్టి ఉంచితే అది అరుదైన ప్లస్ 3 స్థితిలో నిలిచింది. ప్లస్ 3 అని ఎలా తెలుస్తుంది? ప్లస్ 2 అయితే ఒక ఒంటరి ఎలక్ట్రాన్ ఉండి 1.73 దగ్గర అయస్కాంత భ్రామకం కనిపించాలి. ఒకే తలంలో నాలుగు నైట్రజన్ల మధ్య ఉన్న ప్లస్ 3 అయితే ఎలక్ట్రాన్లన్నీ జంటలుగా ఉండి ఏమీ కనిపించకూడదు. ఆ సమ్మేళనంలో ఒంటరి ఎలక్ట్రాన్ జాడ లేదు.

కుడి కోబాల్ట్, ఎడమ కోబాల్ట్

ఇక అసలు కథ. బైగ్వనైడ్ లోహాన్ని రెండు నైట్రజన్లతో, పీత తన రెండు డెక్కలతో పట్టినట్టు పట్టుకుంటుంది. ఇలాంటి లైగాండ్లను కీలేట్ లైగాండ్లు అంటారు. మూడు బైగ్వనైడ్లు ఒక కోబాల్ట్ అయానును పట్టుకుంటే మొత్తం ఆరు పట్లు. అష్టముఖి ఆరు మూలలూ నిండిపోతాయి.

ఇప్పుడు ఈ అణువును మూడు రెక్కలున్న ఫ్యాన్‌లా ఊహించుకోండి. రెక్కలు కుడివైపు వాలి ఉండవచ్చు, లేదా ఎడమవైపు వాలి ఉండవచ్చు. రెండూ ఒకదానికొకటి అద్దంలో ప్రతిబింబాలు. మన కుడి చెయ్యి, ఎడమ చెయ్యి లాగే ఎలా తిప్పినా ఒకదాని మీద ఒకటి సరిగ్గా కూర్చోవు. ఇలాంటి కోబాల్ట్ సమ్మేళనాలను వేరుచేసి చూపించి 1911లో వెర్నర్ తన అష్టముఖి సిద్ధాంతానికి గట్టి సాక్ష్యం తెచ్చారు.

రెండు రూపాలకూ రంగు ఒకటే, బరువు ఒకటే, కరిగే తీరు ఒకటే. తేడా తెలిసేది ధ్రువిత కాంతిని పంపినప్పుడు. ఒకటి ఆ కాంతి తలాన్ని కుడివైపు తిప్పితే, మరొకటి అంతే కోణంలో ఎడమవైపు తిప్పుతుంది. ఒక్క కుడి రూపాన్నే వేరుచేసి ద్రావణంగా ఉంచితే కొన్ని సమ్మేళనాల్లో ఆ తిప్పే శక్తి క్రమంగా తగ్గి చివరికి సున్నాకు వస్తుంది. అంటే సగం అణువులు ఎడమ రూపంలోకి మారిపోయాయన్న మాట. దీన్ని రెసిమీకరణం అంటారు.

ఈ మార్పు ఎలా జరుగుతుంది? మూడు దారులు ఊహించవచ్చు. మొదటిది, ఒక లైగాండ్ పూర్తిగా విడిపోయి, తిరిగి అంటుకునేటప్పుడు వేరే వాటంలో అంటుకోవడం. రెండోది, లైగాండ్ ఒక చెయ్యి మాత్రం వదిలి, మరో చోట మళ్లీ పట్టుకోవడం. మూడోది, ఏ చెయ్యీ వదలకుండా అణువు మొత్తం మెలి తిరగడం.

సహజంగా మన మనసు మొదటి దారి వైపే వెళ్తుంది. కానీ 1940కి కాస్త అటూ ఇటూగా అమెరికాలో జరిగిన ప్రయోగాలు దీనికి అడ్డు తగిలాయి. క్రోమియం చుట్టూ మూడు ఆక్సలేట్లు ఉన్న అయానును, రేడియోధార్మిక కార్బన్‌తో గుర్తు పెట్టిన ఆక్సలేట్ ఉన్న ద్రావణంలో ఉంచారు. లోపలి ఆక్సలేట్ విడిపోయి మళ్లీ అంటుకుంటుంటే, బయటి గుర్తున్న ఆక్సలేట్ కూడా లోపలికి చేరాలి. రెసిమీకరణం జరిగింది గానీ గుర్తున్నది లోపలికి చేరలేదు. అంటే లైగాండ్ పూర్తిగా విడిపోవడం లేదు. మిగిలినవి రెండో దారి, మూడో దారి.

1943 నాటి వ్యాసం

మూడు బైగ్వనైడ్లున్న కోబాల్ట్ సమ్మేళనంలో రెసిమీకరణం ఎంత వేగంతో, ఏ విధంగా జరుగుతుందో పరిశీలించిన ప్రియదారంజన్ రే, నీహార్ కుమార్ దత్ తమ ఫలితాలను 1943లో ఇండియన్ కెమికల్ సొసైటీ పత్రికలో ప్రచురించారు. ఆ రోజులు మామూలు రోజులు కావు. 1942 డిసెంబరులో జపాన్ విమానాలు కలకత్తా మీద బాంబులు వేశాయి. 1943లో బెంగాల్ కరవు లక్షల మందిని బలి తీసుకుంది. అలాంటి ఏడాదిలో ఆ నగరం నుంచి వెలువడిన కాగితాల మీద ఒక అణువు మెలి తిరిగే తీరు గీసి ఉంది.

వారు చెప్పింది మూడో దారి. ఆరు బంధాలూ అలాగే ఉంటాయి. అష్టముఖిలోని ఒక త్రిభుజాకార ముఖం ఎదుటి ముఖం మీద తిరుగుతుంది. సగం దూరం వచ్చేసరికి పై త్రిభుజం మూలలు సరిగ్గా కింది త్రిభుజం మూలల పైకి వస్తాయి. అప్పుడు ఆకృతి అష్టముఖి కాదు, త్రిభుజ పట్టకం. అక్కడి నుంచి అదే దిశలో ఇంకాస్త తిరిగితే మళ్లీ అష్టముఖి వస్తుంది, కానీ వాటం మారిపోయి ఉంటుంది.

అట్టముక్కలతో మీరే చూడండి

రెండు అట్టలను ఒకే కొలత సమబాహు త్రిభుజాలుగా కత్తిరించండి. ఒకదాన్ని బల్ల మీద పెట్టి, దాని పైన కొంత ఎత్తులో రెండోదాన్ని పట్టుకోండి. పై త్రిభుజం మూలలు కింది త్రిభుజం భుజాల మధ్యకు వచ్చేలా తిప్పితే ఆ ఆరు మూలలే అష్టముఖి ఆరు మూలలు. పై మూలల్లో ఒక్కొక్కదాన్నీ దాని కుడి పక్కనున్న కింది మూలకు రబ్బరు బ్యాండుతో కలపండి. ఆ మూడు రబ్బరు బ్యాండ్లూ మూడు కీలేట్ లైగాండ్లు. అవన్నీ ఒకే వైపు వాలి ఉంటాయి.

ఇప్పుడు పై అట్టను, రబ్బరు బ్యాండ్లు నిటారుగా అయ్యే దిశలో 60 డిగ్రీలు తిప్పండి. ఇదే పట్టకం. అదే దిశలో మరో 60 డిగ్రీలు తిప్పితే రబ్బరు బ్యాండ్లు రెండో వైపు వాలతాయి. ఒక్కటీ ఊడలేదు, కానీ వాటం మారింది.

ఇలా మూడు లైగాండ్లూ సమానంగా కదిలే మెలికను 1958లో అమెరికా శాస్త్రవేత్త జాన్ బెయిలర్ చర్చించారు. అది 'బెయిలర్ ట్విస్ట్'. రే, దత్ చెప్పింది దీనికి కాస్త భిన్నం. అష్టముఖికి ఎనిమిది ముఖాలు, అంటే ఎదురెదురుగా ఉన్న జంటలు నాలుగు. వాటిలో ఒక్క జంటలో మాత్రమే మూడు లైగాండ్లూ పై ముఖాన్నీ కింది ముఖాన్నీ కలుపుతూ ఉంటాయి. మిగిలిన మూడు జంటల్లో దేన్ని తీసుకున్నా ఒక లైగాండ్ రెండు చేతులూ పై ముఖంలోనే ఉంటాయి, మరొకటి పూర్తిగా కింది ముఖంలో ఉంటుంది, మూడోది మాత్రమే రెండింటినీ కలుపుతుంది. రే-దత్ మెలికలో తిరిగేది ఇలాంటి జంట. మీ అట్టముక్కల్లో ఒక రబ్బరు బ్యాండును పై త్రిభుజం భుజం మీదకు, ఒకదాన్ని కింది త్రిభుజం భుజం మీదకు మార్చి, మూడోదాన్ని ఏటవాలుగా ఉంచి తిప్పితే ఆ తేడా కళ్లకు కడుతుంది.

సాక్ష్యం ఎక్కడ?

అట్టముక్క తిరిగినంత మాత్రాన అణువు అలాగే తిరుగుతుందని కాదు. రుజువు కోసం శాస్త్రవేత్తలు రెండు వేగాలను పోల్చారు. లైగాండ్ విడిపోయే వేగం ఒకటి, వాటం మారే వేగం మరొకటి.

1950ల్లో అమెరికాలో ఫ్రెడ్ బసోలో, ఆయన సహచరులు మూడు ఫినాంత్రోలిన్ లైగాండ్లున్న సమ్మేళనాలను పరిశీలించారు. నికెల్ సమ్మేళనంలో రెండు వేగాలూ ఒకటే అని తేలింది. అంటే అక్కడ లైగాండ్ విడిపోవడం వల్లే వాటం మారుతోంది. ఇనుము సమ్మేళనంలో మాత్రం వాటం మారే వేగం, లైగాండ్ విడిపోయే వేగం కంటే చాలా ఎక్కువ. విడిపోకుండానే మారే దారి ఒకటి ఉందన్నమాట. పైగా ఫినాంత్రోలిన్ వంగని పలక లాంటి అణువు. ఒక చెయ్యి వదిలి పక్కకు జరగడం దానికి కష్టం. కాబట్టి ఇక్కడ మెలికే సరైన వివరణగా నిలిచింది. ఆ ఇనుము సమ్మేళనం మనకు కొత్తది కాదు. డిగ్రీ విద్యార్థులు అంశమాపనాల్లో సూచికగా వాడే ఎర్రటి ఫెర్రోయిన్ అదే.

నికెల్‌ది ఒక దారి, ఇనుముది మరో దారి. కాబట్టి అన్ని అణువులకూ ఒకే జవాబు లేదు. మెలిక అని తేలినా అది ఏ మెలిక? 'ఏది ఎక్కువ సంభావ్యం, రే-దత్ మెలికా, బెయిలర్ మెలికా?' అన్న ప్రశ్నే శీర్షికగా 1988లో 'ఇనార్గానిక్ కెమిస్ట్రీ' పత్రికలో ఒక వ్యాసం వచ్చింది. లైగాండ్ రెండు చేతుల మధ్య దూరం ఎంత అన్నదాన్ని బట్టి జవాబు మారుతుంది. ఇప్పుడు కంప్యూటర్ గణనలతో రెండు దారుల్లోనూ ఎంత ఎత్తు శక్తి గట్టు దాటాలో లెక్కగట్టి పోల్చుతున్నారు.

ఇదంతా ఎందుకు?

ఒక అణువు వాటం మారితే నష్టమేమిటని అడగవచ్చు. ఔషధ రంగం దీనికి చాలా చేదు జవాబు ఇచ్చింది. థాలిడోమైడ్ అణువుకు కుడి, ఎడమ రూపాలున్నాయి. ఒక్క రూపాన్నే వేరుచేసి ఇచ్చినా శరీరంలో అది రెండోదిగా మారిపోతుంది. అది కార్బన్ సమ్మేళనం, అక్కడ మారే తీరు వేరు. కానీ పాఠం ఒక్కటే. రెండు రూపాలను వేరు చేయగలిగితే సరిపోదు, వేరుచేసినది అలాగే నిలుస్తుందో లేదో కూడా తెలియాలి.

లోహ సమ్మేళనాల్లో ఈ ప్రశ్న ఇప్పుడు మరింత ముఖ్యమైంది. జర్మనీలో ఎరిక్ మెగ్గర్స్ బృందం ఇరిడియం, రోడియం వంటి లోహాలతో చేసిన ఉత్ప్రేరకాల్లో వాటం లైగాండ్లలో లేదు, లోహం చుట్టూ ఉన్న అమరికలోనే ఉంది. అవి కావలసిన వాటం ఉన్న అణువులనే ఎంచి తయారు చేస్తాయి. ఆ ఉత్ప్రేరకమే పని మధ్యలో మెలి తిరిగి వాటం మార్చుకుంటే? తయారయ్యే సరుకులో రెండు రూపాలూ కలిసిపోతాయి. కాబట్టి ఇలాంటి అణువును రూపొందించే వారు, అది ఏ దారిలో మెలి తిరగవచ్చో ముందే ఆలోచించి ఆ దారి మూయాలి. 1943 నాటి కోల్‌కతా ప్రశ్న నేటి ప్రయోగశాలలో ఇలా ఎదురవుతోంది.

మెట్‌ఫార్మిన్ కథ కూడా ఇంకా ముగియలేదు. దశాబ్దాలుగా కోట్లాది మంది వాడుతున్నా ఆ మందు కణాల్లో పనిచేసే తీరు మీద చర్చ సాగుతూనే ఉంది. కణాల్లోని రాగిని అది పట్టుకోవడం కూడా అందులో ఒక భాగమా అన్నది పరిశోధకులు పరిశీలిస్తున్న అంశాల్లో ఒకటి. బైగ్వనైడ్‌కు రాగి అంటే ఎంత ఇష్టమో రాజాబజార్‌లో గులాబి ఎరుపు స్ఫటికాలు చూసినవారికి ముందే తెలుసు.

ప్రఫుల్ల చంద్ర రే 1944 జూన్‌లో, తాను నివసించిన ఆ సైన్స్ కాలేజీ గదిలోనే కన్నుమూశారు. శిష్యుడి వ్యాసం అప్పటికి అచ్చయి ఏడాది దాటింది, అదీ ఆయన తొలి అధ్యక్షుడిగా ఉన్న సొసైటీ పత్రికలోనే. ప్రియదారంజన్ రే తరువాత తన గురువు రాసిన హిందూ రసాయనశాస్త్ర చరిత్రను సవరించి, ప్రాచీన, మధ్యయుగ భారత రసాయనశాస్త్ర చరిత్రగా 1956లో వెలువరించారు. ఆయన 1982 వరకు జీవించారు.

ఈసారి ఇంట్లో ఇంటర్ చదివే పిల్లలు డి బ్లాకు మూలకాల పాఠం తెరిస్తే, రెండు అట్టముక్కలు, మూడు రబ్బరు బ్యాండ్లు వారి చేతికి ఇచ్చి చూడండి. ఆరు బంధాల్లో ఒక్కటీ తెగకుండా కుడి ఎడమ ఎలా అవుతుందో నిమిషంలో అర్థమవుతుంది.